అడివికి లైన్ క్లియర్ ఎవరిచ్చారు?



మేము తమిళంలో చదువుకొన్నవాళ్ళం. ఒకటో తరగతి నుంచి ఎస్.ఎస్.ఎల్.సి. దాకా బళ్ళో తెలుగు అక్షరం చూడలేదు. ఇంట్లో మాట తెలుగు, పలక మీద రాత తమిళం. రైల్వేలో గుమస్తాగా చేరినాక పార్సిలు మూటల మీది లేబుళ్ళు, కుప్పం దిక్కు స్టేషను బోర్డులు చూసి గుణింతం పట్టుకొన్నాం. అందుకని రాతలో తప్పులుంటే మన్నించండి. చెప్పే విషయంలో తప్పుంటే మాత్రం మన్నించొద్దు, నిలదీసి అడగండి. మేము అని రాసేది గొప్పకు కాదు. సాయంత్రం పూట సంఘం అరుగు మీద కూర్చునే నలుగురైదుగురు ముసలోళ్ళ మాట ఇది. రాసే చెయ్యి మాత్రం ఒకటే.

విషయానికి వస్తాం. పోయిన వారం మన పిల్లకాయలు ఒక మ్యాపు పంపినారు. పచ్చటి అడివి మీద ఎర్రటి గీత. డెంకణికోటలో మొదలై, అయ్యూరు మీదుగా బెట్టముగిలాళం ఎక్కి, అక్కణ్ణించి అడివి కాలిబాటలు పట్టి అంచెట్టి దిక్కుకు దిగి, ఏటి వెంబడే కావేరి ఒడ్డుకు పోతుంది ఆ గీత. సంక్రాంతి దాటిన ఆదివారం గ్రావెల్ సైకిళ్ళ మీద పోతారంట. సంఘం పేరు అచ్చేసిన బనియన్లు కూడా కుట్టిస్తారంట. దాని కింద మనవాళ్ళు పెట్టిన చప్పట్లకు, దండాలకు లెక్క లేదు.

మేము చప్పట్లు కొట్టలేదు. ఆ దారి వద్దంటా ఉండాము. సంఘం పేరుతో అసలు వద్దు. ఎందుకో చెప్తాం. ముసలోళ్ళు సణుగుతా ఉండారని పక్కన పెట్టకుండా కడదాకా చదవండి.

ముందు సైకిలు గురించి. సైకిలంటే మాకు పడదని ఎవరూ అనుకోవద్దు. ఉద్యోగమంతా సైకిలు మీద చేసినోళ్ళం. పార్సిలు ఆఫీసులో వేల సైకిళ్ళకు లేబుల్ కట్టి, బ్రేకు వ్యాను ఎక్కించినాం. మీరు తొక్కే ఈ గ్రావెల్ బైకు సంగతి కూడా కూర్చుని తెలుసుకొన్నాం. రేసు సైకిలు మాదిరి వంపు తిరిగిన హ్యాండిలు, దానికంటే లావు టైర్లు, 40 మిల్లీమీటర్లు, 45 మిల్లీమీటర్లు, ఎక్కుడుకు సులువైన గేర్లు. తారు రోడ్డు మీదా పోతుంది, మట్టి రోడ్డు మీదా పోతుంది. మంచి బండి. మా వయసులో దొరికుంటే మేమూ ఎక్కేవాళ్ళం.

అయితే ఆ బండికి ఆ పేరు ఎక్కణ్ణించి వచ్చిందో చూడండి. గ్రావెల్ అంటే కంకర. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో ఎంపోరియా అని ఒక చిన్న ఊరుంది. 2006 నుంచి అక్కడ 200 మైళ్ళ కంకర రోడ్డు పందెం జరుగుతా ఉంది. ఈ ఆటకు లోకంలో పేరు తెచ్చిన పందేల్లో అది ఒకటి. 2022లో ఇటలీలో ప్రపంచ పోటీలు కూడా మొదలైనాయి. ఆ కాన్సాస్ పందెం జరిగేది ఏ రోడ్ల మీద? రైతులు ట్రాక్టర్లు తోలుకొనే, ఆవుల మందల్ని దాటించే, పంచాయతీ వేసిన కంకర రోడ్ల మీద. అంటే అందరికీ నడిచే హక్కు ఉన్న ఊరి రోడ్ల మీద. ఈ ఆట పుట్టిందే ఊళ్ళ మధ్య. దాన్ని ఏనుగుల మధ్యకు తోలుకొని పోయేది మనం తెచ్చిపెట్టుకొన్న బుద్ధి.

ఇప్పుడు ఆ ఎర్ర గీత పోయే చోటేదో చెప్తాం. అంచెట్టి, డెంకణికోట చుట్టూ ఉండే అడివిని 2014లో ఉత్తర కావేరి అభయారణ్యంగా ప్రకటించినారు. దాదాపు 504 చదరపు కిలోమీటర్లు. 2022 నవంబరులో ఇంకో 686 చదరపు కిలోమీటర్లను దక్షిణ కావేరి అభయారణ్యం చేసినారు. ఏటికి అవతల కర్ణాటకలో 1987 నుంచే కావేరి అభయారణ్యం ఉంది. ఇవన్నీ ఒకదానికొకటి ఆనుకొని, మలెమహదేశ్వర కొండల దాకా తెగకుండా ఒకే అడివిగా నిలవాలనే ఇంత కష్టపడి చేసినారు. ఏనుగులు, బూడిదరంగు పెద్ద ఉడతలు, కొండగొర్రెలు, ఏట్లో మొసళ్ళు, నీటికుక్కలు, మెత్తటి చిప్ప తాబేళ్ళు, అన్నిటికీ ఇదే ఇల్లు. మేకెదాటు, బిలిగుండ్లు, హొగెనకల్లు, ఆ పేర్లన్నీ ఈ లోయలోవే. మేక, దాటు, గుండ్లు, ఈ మాటలకు మన ఇళ్ళల్లో ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. కన్నడమోళ్ళకూ అంతే. భాషలు కలిసిపోయిన లోయ ఇది. అందుకే మనకు సొంతమనిపిస్తుంది. సొంతమనిపించేది వేరు, లోపలికి పోయే హక్కు వేరు.

చట్టం ఏం చెప్తుందో చూడండి. 1972 వన్యప్రాణి చట్టంలో 27వ సెక్షను. అభయారణ్యంలోకి ఎవరు పోవచ్చో అందులో లెక్కపెట్టి రాసినారు. డ్యూటీ మీదున్న ప్రభుత్వోద్యోగి పోవచ్చు. లోపల భూమి హక్కు ఉన్నవాళ్ళు పోవచ్చు. వీళ్ళ మీద ఆధారపడినవాళ్ళు పోవచ్చు. పబ్లిక్ రోడ్డు మీద దాటుకొని పోయేవాళ్ళు పోవచ్చు. మిగిలినవాళ్ళు అనుమతి చీటీ లేకుండా పోకూడదు. చీటీ ఎందుకెందుకు ఇవ్వొచ్చో 28వ సెక్షనులో ఉంది. చదువు, పరిశోధన, ఫోటోలు, టూరిజం, లోపలుండే వాళ్ళతో న్యాయమైన పని. అంటే తలుపు పూర్తిగా మూయలేదు. తట్టి, అడిగి, లోపలికి రమ్మంటా ఉంది చట్టం.

డెంకణికోట నుంచి అంచెట్టికి పోయే తారు రోడ్డు మీద మీరు సైకిలు తొక్కితే ఎవరూ ఏమీ అనరు. అది పబ్లిక్ రోడ్డు. మీ ఎర్ర గీత మాత్రం ఆ రోడ్డు మీద లేదు. అది కాలిబాటల మీద ఉంది. మ్యాపులో సన్నటి చుక్కల దారి కనబడితే అది మనుషుల దారని ఎవరు చెప్పినారు?

రైల్వేలో ఒక మాటుంది, లైన్ క్లియర్. ఒంటి లైను మీద ఒక స్టేషను నుంచి ఇంకో స్టేషనుకు బండి వదలాలంటే, ముందు స్టేషనువాడు సరే అనాలి. మా ఉద్యోగ కాలంలో వాడు సరే అన్నాకనే మిషను లోంచి టోకెన్ గుండు బయటికి వచ్చేది. ఆ గుండును తోలు సంచిలో పెట్టి డ్రైవరు చేతికిస్తే గాని బండి కదిలేది కాదు. మంత్రి ఎక్కిన బండైనా అంతే, గూడ్సు బండైనా అంతే. కళ్ళెదుట లైను ఖాళీగా కనబడుతా ఉందని ఎవడూ బండి వదలడు. ఎందుకంటే మలుపు అవతల ఏముందో ఇవతల నిలబడినవాడికి తెలియదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మేము నేర్చుకొన్నది ఇదొక్కటే అన్నా తప్పు లేదు. అడివి కూడా ఒంటి లైనే. అవతలి నుంచి ఎవరు వస్తా ఉండారో మీకు తెలియదు. మీకు లైన్ క్లియర్ ఎవరిచ్చారు?

ఇది పుస్తకంలో చదివిన మాట కాదు. మా ఒంటి మీదికి వచ్చిన సంగతి. 1978 ఎండాకాలం. ఉద్యోగం ఇంకా రాలేదు. మేము ముగ్గురం, రెండు సైకిళ్ళు, అంచెట్టి అవతల ఏటి దారిన కావేరికి చేపలకు బయలుదేరినాం. అప్పుడు అభయారణ్యం లేదు, రిజర్వు అడివే. ఎవరినీ అడగలేదు. పొద్దు వాలే యాళకు ఒక మలుపు తిరిగినాం. ఇరవై అడుగుల్లో తల్లి ఏనుగు, దాని కాళ్ళ సందులో పిల్ల. అది చెవులు విప్పింది. మేము సైకిళ్ళు పారేసి పక్కనున్న గుండెక్కినాం. రాత్రంతా ఆ గుండు మీదే. కింద ఇనుము విరిగే చప్పుడు వింటా, ఒకరి చేతులు ఒకరు పట్టుకొని కూర్చున్నాం.

తెల్లవారినాక మేకలు తోలుకొచ్చిన ఒక ముసలాయన మమ్మల్ని దింపినాడు. ఒక సైకిలు మురుకు మాదిరి మెలి తిరిగి ఉంది. అది మా స్నేహితుడి నాయన కంతుల మీద కొన్న సైకిలు. ఆ అప్పు తీర్చేదానికి మాకు ఏడు నెలలు పట్టింది. ముసలాయన ఇంటికి తీసుకుపోయి సంగటి పెట్టినాడు. తిన్నాక ఒక్క మాటడిగినాడు: "అది మీ దారని మీకెవరు చెప్పినారు నాయనా? నీళ్ళకు దిగే దారది. మీరు గుండు మీద కూర్చున్నారని రాత్రంతా మందలో ఒక్కటీ నీళ్ళకు దిగలేదు."

ఆ కథను చాలా ఏళ్ళు మేము మొనగాళ్ళ మాదిరి చెప్పుకొన్నాం. పెళ్ళిళ్ళలో చెప్పినాం, రైల్వే క్వార్టర్సులో చెప్పినాం. పిల్ల ఏనుగు ఎండాకాలంలో ఒక రాత్రి నీళ్ళు లేకుండా ఉండిందన్న ముక్క మాత్రం చెప్పలేదు. ఇప్పుడు చెప్తా ఉండాము.

మాది పాత సైకిలు, గడగడమని చప్పుడు చేసేది, మెల్లగా పోయేది. మీది చప్పుడు చేయదు. అదే గొప్పని మీరంటారు. అడివిలో అదే ముప్పు. దిగుడులో గంటకు 30 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 8 మీటర్లకు పైన. మలుపు తిరిగినాక 25 మీటర్ల దూరంలో ఏనుగు కనబడితే మీ చేతిలో ఉండేది మూడు సెకన్లు. కంకర మీద బ్రేకు పట్టదు, జారుతుంది. వెనక్కి తిరిగి ఎక్కుడు తొక్కాలంటే గంటకు ఏడెనిమిది కిలోమీటర్లు కూడా పోలేరు. ఏనుగు పరుగు గంటకు 20 దాటుతుంది. గుమస్తా లెక్క ఇది, మీరే వేసి చూసుకోండి. ఎలుగుబంటి కథ ఇంకొకటి. దానికి చూపు తక్కువ. ఉన్నట్టుండి ఎదురుపడితే అది పారిపోదు, మీద పడుతుంది.

ఇంకో మాట. మీరు పెట్టిన తేదీ చూసి మాకు నోట మాట రాలేదు. సంక్రాంతి దాటిన ఆదివారం! వానలు వెనకబట్టినాక, రాగులు కంకి పట్టినప్పటి నుంచి, బన్నేరుఘట్ట దిక్కు నుంచి జవళగిరి, తళి, డెంకణికోట, సానమావు దాకా ఏనుగుల మందలు తిరిగే కాలం అది. ఆ నెలల్లో మన చేన్లల్లో మన అన్నదమ్ములే రాత్రిళ్ళు మంచెలెక్కి, మంటలేసి, టపాసులు పేల్చి కాపలా కాస్తారు. రాత్రంతా తరిమితే పగటిపూట అవి ఎక్కడికి పోతాయి? మీరు గీత గీసిన ఆ లోపలి అడివికే పోతాయి. రాత్రి మంటలతో తరిమి, పగలు సైకిళ్ళతో తరిమితే దానికి నిలబడే చోటేది? లోపల నెమ్మది లేని ఏనుగు చేను మీదికి వస్తుంది. చేను ఎవరిది? మనదే.

చేను కాపాడుకొనేదానికి దొంగ కరెంటు తీగ కడితే ఏమవుతుందో మనకు తెలుసు. 2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్ళి దగ్గర మూడు ఆడ ఏనుగులు అట్లా చచ్చిపోయినాయి. రెండు పిల్లలు దిక్కు లేకుండా మిగిలినాయి. ఆస్కారు తెచ్చిన ఏనుగుల సినిమా అందరూ చూసినాం కదా, అందులో రఘు అనే పిల్ల ఏనుగు ఎక్కడ దొరికిందో గుర్తుందా? మన డెంకణికోట అడివిలోనే, 2017లో, తల్లి లేకుండా. సినిమా చూసి కళ్ళు తుడుచుకొని, ఆ అడివిలోకే బనియన్లు వేసుకొని గుంపుగా పోతామంటే ఆ కన్నీళ్ళకు అర్థమేముంది?

ఇప్పుడు మీ వాదనలు ఒక్కొక్కటిగా తీసుకొంటాం.

"సైకిలుకు పొగ లేదు, చప్పుడు లేదు, దానివల్ల అడివికి ఏం నష్టం?" చప్పుడు లేకపోతే ఏమవుతుందో పైన చెప్పినాం. నేల సంగతి చూడండి. వాలు మీద బ్రేకు పట్టి జారినప్పుడల్లా టైరు ఒక గాడి తీస్తుంది. వాన నీళ్ళు ఆ గాడినే పట్టుకొంటాయి. పది వానలకు గాడి కాలవ అవుతుంది, కాలవ వంక అవుతుంది. చేను గట్టు తెగితే రైతు మర్నాడే మట్టి వేస్తాడు. అడివి గట్టుకు ఎవరు వేస్తారు? టైరుకు అంటుకొన్న బురదలో పార్థీనియం విత్తనాలు కూడా పోతాయి. లంటానా కంప ఇప్పటికే గడ్డిని మింగేసి ఏనుగుకు మేత లేకుండా చేస్తా ఉంది. ఇంకో కంపను మనం మోసుకొని పోవాలా?

"మేము పోయేది పదిహేను మందిమే." కాదు నాయనా. మీరు పదిహేను మందే పోతారు, మీ గీత పదిహేను వేల మందికి పోతుంది. తొక్కిన దారిని యాపులో ఎక్కిస్తారు కదా. 2018లో స్ట్రావా యాపువాళ్ళ హీట్ మ్యాపులో ఏమైందో తెలుసా? సిపాయిలు పొద్దున్నే పరుగెత్తిన గీతలను బట్టి లోకంలోని రహస్య సైనిక స్థావరాలే బయటపడినాయి. సైన్యం దాచిపెట్టుకోలేనిది అడివి ఎట్లా దాచుకొంటుంది? నీళ్ళు ఎక్కడున్నాయి, ఏ దారిన జంతువులు దిగుతాయి, గార్డు లేని కాలిబాట ఏది, ఇవన్నీ వేటగానికి మనమే గీసి ఇచ్చినట్టు. మీరు మంచి పిల్లకాయలే. మీ వెనక వచ్చేవాడు మంచోడని ఎవరు హామీ?

"బెంగళూరోళ్ళు శని, ఆదివారాల్లో వచ్చి తొక్కుతా ఉండారు, మనకేం తక్కువ?" ఈ మాట మాకు ఎక్కువ బాధ కలిగించింది. వాళ్ళు అడక్కుండా పోతే అది వాళ్ళ తప్పు. వాళ్ళు తప్పు చేసినారని మనం కూడా చేస్తే, రేపు వాళ్ళను తప్పని అనే నోరు మనకుండదు. వాళ్ళు సాయంత్రానికి కార్ల మీద సైకిళ్ళు కట్టుకొని వెళ్ళిపోతారు. మనం ఇక్కడే ఉంటాం. చెదిరిన మంద మన చేను మీదికే వస్తుంది.

"ఊళ్ళోళ్ళు కట్టెలకు, మేకలకు పోతా ఉండారు కదా?" ఇక్కడే అసలు సంగతి ఉంది. నిదానంగా చదవండి.

ఈ కావేరి అడివి ఆలంబాడి ఆవులకు పుట్టిల్లు. ఆ పేరే ఈ ఏటి ఒడ్డు ఊరిది. తరాల తరబడి అడివిలో పట్టీలు వేసి మేపుకొన్న ఆవులవి. 2022 మార్చిలో మద్రాసు హైకోర్టు ముందు తమిళనాడు అడవులన్నిట్లో పశువుల మేపు వద్దనింది. అదే నెలలో ఆ మాటను అభయారణ్యాలు, జాతీయ పార్కులు, పులుల రిజర్వుల వరకు కుదించింది. అంటే ఈ లోయలో మేపు వద్దు. మందను అమ్ముకొన్నవాళ్ళు ఉండారు. మా ముసలాయన ఇంటి మందేమైందో మాకు తెలుసు, ఇప్పుడు ఆ ఇంట్లో ఒక్క ఆవు లేదు. ఆ తీర్పు న్యాయమా కాదా అని వాదించేవాళ్ళు రెండు దిక్కులా ఉండారు. 2006 అటవీ హక్కుల చట్టం ఊళ్ళకు మేపు హక్కు కూడా ఇచ్చిందనేవాళ్ళ మాటలో బలం లేకపోలేదు. మేము జడ్జీలం కాదు. కానీ ఒకటి మాత్రం చెప్పగలం. ఆకలికి ఆవును తోలుకొని పోయేవాడికి అడివి మూసినాక, సరదాకు సైకిలు తోలుకొని పోయేవాడికి తెరిచి ఉండేది ఏ న్యాయం? గొడ్డలి పట్టుకొన్న ఆడమనిషిని గార్డు ఆపుతాడు. హెల్మెట్టు పెట్టుకొని ఇంగ్లీషులో మాట్లాడే పిల్లోణ్ణి ఆపేదానికి జంకుతాడు. ఆ జంకును మనం వాడుకొంటామా?

మనం ఎవరమో ఒకసారి గుర్తు చేసుకోండి. 1956లో భాషల పేరుతో రాష్ట్రాలకు గీతలు గీసినప్పుడు మన ఊళ్ళను ఎవరూ అడగలేదని మన తాతలు చెప్పినారు. 2006 తమిళ చట్టంతో మన పిల్లల బళ్ళో మన భాష ఏమవుతుందని ఎవరూ అడగలేదని మనమే కలెక్టరు ఆఫీసుల ముందు నిలబడినాం. మన సంఘం పుట్టిందే "మమ్మల్ని అడగకుండా మా మీద గీత గీయొద్దు" అని చెప్పేదానికి. ఆ సంఘం పేరు బనియను మీద వేసుకొని, లోయలో ఉండే ఒక్క ఊరిని కూడా అడగకుండా, వాళ్ళ అడివి మీద గీత గీస్తే ఏమనాలి?

"ఆరోగ్యం, టూరిజం, ఊళ్ళకు నాలుగు డబ్బులు." మంచిదే. తినే తిండి, తాగే నీళ్ళు, బిస్కెట్లు అన్నీ డెంకణికోటలో కట్టుకొని పోతామని మీ కాగితంలోనే ఉంది. ఊళ్ళకు మిగిలేది ప్లాస్టిక్ కవర్లే కదా.

ఇంకొకటి కూడా చెప్పక తప్పదు. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండ మీద కార్చిచ్చులో చిక్కుకొని 20 మందికి పైగా చచ్చిపోయినారు. ఎక్కువమంది మీ వయసు పిల్లలే. కొండ చూసొద్దామని పోయినవాళ్ళు. వాళ్ళ తల్లిదండ్రులు ఇప్పటికీ ఉండారు. ఆ తరువాతే మన రాష్ట్రంలో అడివి నడకకు నియమాలు వచ్చినాయి. ఇప్పుడు ప్రభుత్వమే 2024 నుంచి కొన్ని నడక దారులు ఎంచి, గైడును ఇచ్చి, పేర్లు రాసుకొని పంపిస్తా ఉంది. ఎవరు లోపలికి పోయినారు, ఎవరు తిరిగి వచ్చినారు అనే లెక్క ఉంటుంది. మీ గీతకు ఆ లెక్క ఎవరు రాస్తారు? ఫోను సిగ్నలు లేని లోయలో ఒక పిల్లోడి కాలు విరిగితే ఎవరు మోసుకొస్తారు? ఆ మేకలాయన మనవడే మోసుకొస్తాడు. మీరు అడగని వాడే.

వద్దని మాత్రం చెప్పి లేచిపోయే ముసలోళ్ళం కాదు. ఏం చేయాలో కూడా చెప్తాం.

ఒకటి. ఆ మ్యాపును ఈరోజే తీసేయండి. యాపులో ఎక్కించి ఉంటే అక్కడా తుడిచేయండి.

రెండు. లోయ లోపలికే పోవాలని ఉంటే హోసూరు అటవీ ఆఫీసుకు సంఘం లెటరు హెడ్డు మీద రాద్దాం. తమిళంలో రాసేదానికి మేముండాము, ఉద్యోగమంతా అదే పని చేసినాం. సరే అంటే వాళ్ళు చెప్పిన దారిన, వాళ్ళు చెప్పిన రోజున, ఊరి మనిషిని తోడు పెట్టుకొని, అతనికి కూలి ఇచ్చి పోదాం. వద్దంటే పోవద్దు. కోపం వద్దు, దొంగదారి అంతకన్నా వద్దు.

మూడు. సైకిలు తొక్కేదానికి మనకు ఇంకో ఏటి లోయ ఉంది, దక్షిణ పినాకిని. హోసూరు నుంచి కెలవరపల్లి డ్యాము, అక్కణ్ణించి రాజాజీ పుట్టిన తొరపల్లి, అట్నుంచి చెరువు కట్టలు, ఊరి మట్టి రోడ్లు పట్టి కెలమంగలం, రాయకోట. కొండా ఉంది, కోటా ఉంది, కంకరా ఉంది. సానమావు అడివి పక్కనే కాబట్టి రాగి కోతలు ముగిసినాక, పొద్దు పొడిచినాక బయలుదేరండి, సాయంత్రం నాలుక్కు ముందే ముగించండి. తిరిగి రైల్లో రావచ్చు. సైకిళ్ళను బండిలో వేసే సంగతి ముందుగా స్టేషనులో కనుక్కొనే పని మాది. లేబుళ్ళు మేమే రాస్తాం, ఈసారి తెలుగులో కూడా.

ఆ దారిలో మీరు చేయాల్సిన పనీ ఒకటుంది. బెంగళూరు మురుగు కలిసి కెలవరపల్లి డ్యాము కాడ ఏరు తెల్లటి నురగ కక్కుతా ఉంది. ఆ నీళ్ళే మన చేన్లకు. నెలకోసారి మీరు అక్కడ ఆగి, అదే చోట నిలబడి, తేదీ వేసి ఫోటో తీయండి. పన్నెండు నెలల ఫోటోలు చేతికి వస్తే సంఘం తరఫున అర్జీ పెడదాం. ఆ గీత గీయండి, చప్పట్లు కొట్టే మొదటి చేతులు మావే.

నాలుగు. దారిలో తిండి ఊరి హోటల్లోనే. రాగిసంగటి, ఊరిబిండి దొరికిన చోట ఆగండి. మోసుకొని పోయిన కవరు మళ్ళీ ఇంటికి మోసుకొని రండి.

కడగా ఒక మాట. 1980లలో మన హోసూరు, ధర్మపురి అడవుల నుంచే కొన్ని ఏనుగులు లేచి చిత్తూరు జిల్లాకు పోయినాయి. అక్కడ వందల ఏళ్ళుగా ఏనుగు లేదు. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం పెట్టినారు. మేత కరువై, దారి తెగి, ఉన్న చోటు చాలక అవి ఊరు వదిలిపోయినాయి. ఊరు వదిలిపోవడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మన పెద్దలు కూడా ఎప్పుడో ఒక కరువుకో, ఒక యుద్ధానికో లేచి వచ్చినవాళ్ళే. ఇక్కడివాళ్ళు జరిగి చోటిచ్చినారు కాబట్టి మనం ఉండాము. ఇప్పుడు జరిగి చోటిచ్చే వంతు మనది.

వచ్చే ఆదివారం సంఘం మీటింగులో ఈ మాట పెడతాం. సైకిలు పిల్లకాయలందరూ రావాలి. మా మాట తప్పయితే మా ముఖం మీదే చెప్పండి, వింటాం. అంతవరకు బండి స్టేషనులోనే ఉండనీయండి. లైన్ క్లియర్ ఇంకా రాలేదు.